బలాబల జ్ఞానం - విజయం: ఉద్యోగపర్వ కథ ఆధారంగా ఒక పరిశీలన

ప్రస్తావన

తన బలాన్నీ ఎదుటివాని బలాన్నీ ఎరిగినవాడే గెలుస్తాడన్నది రాజనీతిలో స్థిరపడిన అభిప్రాయం. కౌటిల్యుడు అర్థశాస్త్రం తొమ్మిదవ అధికరణాన్ని ఈ విషయంతోనే ఆరంభించాడు. దండెత్తబోయే రాజు శక్తి, దేశం, కాలం మొదలైనవాటిలో తన బలాబలాలనూ శత్రువు బలాబలాలనూ ముందుగా తెలుసుకోవాలన్నాడు. చైనా యుద్ధనీతివేత్త సున్ జూ చెప్పినదీ దాదాపు ఇదే. అయితే తన గ్రంథం మూడవ అధ్యాయంలో ఆయన అటువంటివానికి అపాయం ఉండదన్నాడే గాని, విజయం తథ్యమనలేదు. తెలియటానికీ గెలవటానికీ నడుమ ఉన్న ఈ అంతరం తాత్త్వికంగా పరిశీలించదగినది. అందుకు మహాభారతంలోని ఉద్యోగపర్వ కథ మంచి ఆధారం. 13వ శతాబ్దిలో దీనిని తెనిగించిన తిక్కన స్వయంగా మనుమసిద్ధి మంత్రి కావటం వల్ల ఈ పర్వంలోని రాయబారాలు, మంతనాలు తెలుగు పాఠకునికి మరింత సన్నిహితమయ్యాయి.

తెలిసీ మారని దుర్యోధనుడు

దుర్యోధనుడు అజ్ఞానం వల్ల ఓడిపోయాడనటం సులభమే గాని, కథ అందుకు అంగీకరించదు. యుద్ధారంభానికి ముందు అతడే భీష్ముణ్ణి అడిగి ఉభయ సేనల్లోని రథికుల, అతిరథుల తారతమ్యాన్ని చెప్పించుకున్నాడు. ఆ గణనలో అతనికి అన్నీ తెలిశాయి. ద్రోణుడు ప్రియశిష్యుడైన అర్జునుణ్ణి చంపడు. భీష్ముడు శిఖండితో పోరాడడు, కుంతీపుత్రులను వధించడు. అర్ధరథుడన్న మాటకు కినిసిన కర్ణుడు భీష్ముడు జీవించి ఉన్నంతవరకు ఆయుధం పట్టనన్నాడు. ఇంతకన్నా స్పష్టమైన బలాబల నివేదిక మరొకటి ఉండదు. అయినా దుర్యోధనుడు తన నిర్ణయంలో ఏ ఒక్క అంశాన్నీ మార్చుకోలేదు. తనవైపు పదకొండు అక్షౌహిణులు, ఎదుట ఏడు అన్న లెక్క అతనికి చాలింది. అతడు తన సేనను ఎరిగాడు గాని, ఆ సేనను చూసి మురిసే తన మనసును ఎరగలేదు.

ధృతరాష్ట్రుని స్థితి ఇందుకు భిన్నం. విదురుడు, సంజయుడు చెప్పినవన్నీ అతడు విన్నాడు, కొడుకు తప్పునూ గుర్తించాడు, తన పుత్రవ్యామోహాన్ని కూడా ఒప్పుకున్నాడు. కనుక ఆత్మజ్ఞానం సైతం సంకల్పంగా మారకపోతే నిష్ఫలమేనని అతని పాత్ర నిరూపిస్తుంది.

తెలిసీ ఓటమిని వరించిన కర్ణుడు

కర్ణునికి తన జన్మరహస్యం తెలుసు. పాండవులదే విజయమనీ అతనికి తెలుసు. అయినా రాజ్యాన్ని కాదని స్నేహధర్మాన్ని ఎంచుకున్నాడు. దుర్యోధనుడు తెలిసిన సత్యాన్ని లెక్కచేయలేదు. కర్ణుడు దానిని అంగీకరించి, మూల్యం చెల్లించటానికి సిద్ధపడ్డాడు. బాహ్యఫలితం ఇద్దరికీ ఒక్కటే అయినా నైతికంగా ఇద్దరూ సమానులు కారు. కర్ణుడు నిలబడిన పక్షం న్యాయమైనది కాదన్న ఆక్షేపణ సబబైనదే. అయితే ఆ ఆక్షేపణ అతని ఎంపికకు చెందుతుంది గాని అతని ఎరుకకు కాదు.

ప్రత్యర్థి జ్ఞానం - ధర్మసందేహం

ప్రత్యర్థిని తెలుసుకోవటం ఎల్లప్పుడూ నిర్దోషమేనా అన్నది మరొక ప్రశ్న. పాండవులు భీష్ముని పతనోపాయాన్ని ఆయననే అడిగి తెలుసుకున్నారు. ద్రోణుని విషయంలో మాత్రం ఆయన పుత్రప్రేమను బలహీనతగా గుర్తించి, అశ్వత్థామ మరణించాడన్న మాటతో దెబ్బతీశారు. రెండు సందర్భాల్లోనూ లభించింది విజయమే. కాని మొదటిది ప్రత్యర్థి తానై ఇచ్చిన జ్ఞానం; రెండవది అతని ప్రేమను, ధర్మరాజు సత్యనిష్ఠపై అతనికున్న నమ్మకాన్ని ఆయుధంగా వాడుకున్న జ్ఞానం. ఆ మాట తర్వాత, అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం నేలను తాకిందని చెప్పటం ద్వారా భారతం ఆ విజయానికి కట్టిన వెలను దాచకుండా చూపింది.

ముగింపు

బలాబల జ్ఞానం విజయానికి ఆవశ్యకమే గాని పర్యాప్తం కాదు. తెలిసినదానికి తగినట్లు తనను మార్చుకోగల సంకల్పం దానికి తోడు కావాలి. ప్రత్యర్థిని గురించి తెలిసినదానిలో దేనిని వినియోగించవచ్చు, దేనిని విడిచిపెట్టాలి అన్న వివేకమూ కావాలి. మొదటిది లోపిస్తే దుర్యోధనుని ఓటమి, రెండవది లోపిస్తే ధర్మరాజు గెలుపు. రెండింటిలో ఏది బరువైనదో భారతకథ తేల్చి చెప్పలేదు. యుద్ధానంతరం ధర్మరాజు అనుభవించిన శోకం మాత్రం ఆ విచారణను పాఠకునికి అప్పగిస్తుంది.