అర్థం కాని సంతోషం

అర్థం కాని విషయానికి కూడా మనసు నిజంగా సంతోషించగలదా? వీధిలో ఇంకా ఎవరూ తలుపు తీయని వేళ ఈ ప్రశ్న అప్పుడప్పుడు వచ్చి పక్కన కూర్చుంటుంది. వచ్చినప్పుడల్లా ఒక తేదీని వెంటబెట్టుకుని వస్తుంది. 2012 జూలై 4.

ఆ రోజు జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో, హిగ్స్ బోసాన్ అనుకుంటున్న కొత్త కణం దొరికిందని ప్రకటించారు. సభామందిరంలో చోటు దొరకదేమోనని కుర్ర శాస్త్రవేత్తలు ముందురోజు రాత్రే వచ్చి తలుపుల బయట పడుకున్నారు. తెల్లవారాక జో ఇంకాండెలా, ఫాబియోలా జియానోట్టి తమ తమ ప్రయోగాల లెక్కలు చూపించారు. ఆపైన చప్పట్లు చాలాసేపు ఆగలేదు. అలాంటి కణం ఉండాలని ఏనాడో సూచించిన పీటర్ హిగ్స్, సభలో కూర్చున్నచోటే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. అప్పటికి ఆయన వయసు 83.

ఆయన కన్నీళ్లు అర్థమవుతాయి. ఆ కణం ఏమిటో, దేనికో తెలియని లక్షలాది మంది ఆ వార్తకు ఎందుకు పొంగిపోయారు? తెలుగు పత్రికల్లో దైవకణం అన్న మాట కనిపించింది. టీ కొట్టు బెంచీల మీద కూడా ఆ మాటే దొర్లింది. అదంతా పైపై హడావుడి అనీ, వారం తిరిగేసరికి అందరూ మరిచిపోయారనీ అనేవారు ఉన్నారు. మరిచిపోయిన మాట నిజమే. కానీ ఆ సంబరం వల్ల ఎవరి జీతమూ పెరగలేదు, ఏ వస్తువు ధరా తగ్గలేదు, ఎవరి జబ్బూ నయం కాలేదు. తమకంటూ ఏమీ రాని చోట అంతమంది సంతోషించారు. అలాంటి సంతోషం జనానికి ఎన్నేళ్లకోసారి వస్తుంది? వచ్చినదాన్ని తేలిక చేయడానికి నాకు మనసొప్పదు.

అసలు దొరికింది ఏమిటో నెమ్మదిగా తలచుకోవాలనిపిస్తుంది. ఖాళీ అని మనం అనుకునేది ఖాళీ కాదు. విశ్వమంతటా ఒక క్షేత్రం పరచుకుని ఉంది. దొరికిన కణం దాని ఉనికికి గుర్తు. ఈ పెరట్లో, వేపకొమ్మల సందుల్లో, తీసే ఊపిరిలో కూడా ఉంది. ఎలక్ట్రాన్ వంటి మూలకణాలకు దానితో ముడి ఉంది గనుకే వాటికి ద్రవ్యరాశి ఉంది. ఎలక్ట్రాన్‌కు ఆ కాస్త ద్రవ్యరాశి లేకపోతే పరమాణువు నిలవదు. అప్పుడు వేపాకు ఉండదు, ఆకును చూసే కన్నూ ఉండదు.

కాంతి సంగతి వేరు. గోడ మీద ఇప్పుడే పడుతున్న ఎండ సూర్యుణ్ణి విడిచి ఎనిమిది నిమిషాలు దాటింది. దారి పొడవునా ఆ క్షేత్రంలోంచే వచ్చింది, ఇసుమంత ద్రవ్యరాశి కూడా అంటకుండా. ఆ ఎండే ఆకు మీదా పడుతోంది. ఎండనేమో క్షేత్రం వదిలేసింది, ఆకులోని ఎలక్ట్రాన్లను పట్టుకుంది. ఇందుకు సమీకరణాలు ఉన్నాయి. అవి తెలిసినవారికి ఈ ఆశ్చర్యం తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా?

సమస్త పదార్థానికీ బరువునిచ్చేది ఈ కణమేనని అప్పట్లో చాలామంది రాశారు. అది పూర్తిగా సరికాదు. ప్రోటాన్, న్యూట్రాన్ల ద్రవ్యరాశిలో అత్యధిక భాగం వాటి లోపలి క్వార్కులు, గ్లువాన్ల శక్తి వల్ల వచ్చేదే. కదలకుండా కూర్చున్నామని అనుకుంటాం గానీ, కూర్చున్న ఒంటి బరువే చాలావరకు లోపలి కదలికట. ఈ సంగతి తెలిసిన రోజు చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

1964లో ముప్పై అయిదేళ్ల హిగ్స్ ఆ క్షేత్రం గురించిన ఆలోచన మీద రాసిన రెండో వ్యాసాన్ని ఒక పత్రిక తిప్పి పంపింది. ఆ పత్రిక సంపాదకవర్గం అప్పట్లో ఉన్నది సెర్న్‌లోనే. ఆయన వ్యాసానికి మరికొంత చేర్చి వేరే పత్రికకు పంపారు. కొత్త కణం ఒకటి ఉండాలన్న సూచన ఆ చేర్పులోనే ఉంది. మొదటిసారే అచ్చయి ఉంటే ఆ మాట రాసేవారా? తిరస్కారం మంచిదని అనలేం, అది ఎందరినో ఆపేస్తుంది కూడా. ఆయన మాత్రం ఆగలేదు.

అదే ఏడాది, హిగ్స్ కన్నా కాస్త ముందే, బ్రస్సెల్స్‌లో ఫ్రాన్స్వా ఆంగ్లేర్, రాబర్ట్ బ్రౌట్ ఇదే ఆలోచనను ప్రచురించారు. ఆంగ్లేర్, హిగ్స్ మొదటిసారి ముఖాముఖి కలుసుకున్నది 2012లో, ఆ జూలై రోజునే. 48 ఏళ్లు ఒకే ఆలోచనను చెరొక ఊళ్లో మోసినవాళ్లు మొదట ఏం మాట్లాడుకుని ఉంటారు? బ్రౌట్ 2011 మే నెలలోనే కన్నుమూశారు.

ఆ కణాన్ని ఎవరూ నేరుగా చూడలేదు, చూడలేరు. భూగర్భంలో 27 కిలోమీటర్ల వలయంలో ప్రోటాన్లు ఢీకొంటే, సుమారు వంద కోట్ల ఢీలకు ఒకసారి అది పుడుతుంది. పుట్టీ పుట్టగానే వేరే కణాలుగా విడిపోతుంది. కొన్నిసార్లు రెండు కాంతికణాలుగా. మామూలు తాకిడుల్లోనూ అలాంటి జంటలు కొల్లలుగా పుడతాయి. చేటలో బియ్యం చెరిగినట్టు వాటిని చెరుగుతూ కూర్చోవాలి.

చెరిగేవారికి ఒక చిక్కుంది. బాగా కావాలనుకున్నది ఎక్కడ చూసినా కనిపిస్తుంది. వీధి చివర నడిచివచ్చే ప్రతి మనిషీ ఎదురుచూస్తున్న మనిషిలాగే ఉంటాడు. అందుకే సెర్న్‌లోని ఆ ప్రయోగాల్లో ఒకటైన సీఎంఎస్ బృందం 2012లో ఒక పని చేసింది. కణం కనిపించే అవకాశమున్న భాగాన్ని తమ కళ్లకే కనపడకుండా కప్పేసుకుంది. పద్ధతులన్నీ ఖరారయ్యాకే, జూన్ నడుమ, తెర తీసింది. వేలమంది కోరికను అలా కాస్సేపు పక్కన పెట్టగలిగారు. ఇల్లు, పిల్లలు, స్నేహం వంటి చోట్ల అలా కప్పుకుని చూడటం కుదురుతుందా? కుదిరితే ఏం కనిపిస్తుంది? ఆ ధైర్యం నాకుందో లేదో చెప్పలేను.

దొరికిందని చెప్పడానికి వాళ్లు పెట్టుకున్న హద్దు కూడా కఠినమైనదే. కణమే లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా అలాంటి గుర్తు పడే అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒకటి ఉండాలి. అంతకు ఎక్కువైతే దొరికిందని అనకూడదు. ఈ కాఠిన్యం ఎందుకో 2015 డిసెంబరులో తెలిసివచ్చింది. 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మరో కొత్త గుర్తు లీలగా కనిపించింది. దాన్ని వివరించడానికి కొన్ని నెలల్లోనే వందల వ్యాసాలు వచ్చాయి. మరుసటి ఆగస్టులో, మరిన్ని లెక్కలు చేరేసరికి, ఆ గుర్తు చెరిగిపోయింది. లేనిదాని గురించి అంతమంది అన్ని రాత్రులు మేలుకున్నారు. అవి వృథా రాత్రులని తోచదు. ఎందుకు తోచదో మాటల్లో పెట్టలేకపోతున్నాను.

2013 అక్టోబరు 8న నోబెల్ ప్రకటన వస్తుందని తెలిసి హిగ్స్ ఇంట్లో ఉండలేదు. దగ్గర మొబైల్ ఫోను కూడా లేదు. ఎడిన్‌బరోలో ఎక్కడో భోంచేసి తిరిగి వస్తుంటే, ఒకప్పుడు పొరుగింట్లో ఉన్నావిడ ఒకరు కారు దిగి అభినందనలు చెప్పారు. దేనికని ఆయన అడిగారట. అది వినయమో, సిగ్గో, హడావుడి అంటే భయమో. ఎండ మీద పడకుండా నీడ వైపు జరిగినంత సహజంగా జరిగారనిపిస్తుంది.

సెర్న్‌లో ఇప్పుడు 91 కిలోమీటర్ల కొత్త వలయానికి ప్రతిపాదన ఉంది. అనుమతి వచ్చినా, మొదటి దశ పనిచేయడం 2040ల మాట. దాని కోసం రాతిపొరలు పరీక్షిస్తున్నవారిలో, నిలువు సొరంగాలు ఎక్కడ తవ్వాలో గుర్తులు పెడుతున్నవారిలో చాలామందికి ఆ యంత్రం చెప్పే మాట వినేంత ఆయుష్షు ఉండకపోవచ్చు. అది వాళ్లకూ తెలుసు. ఒక్క ఏడాది తేడాతో తన రోజును చూడలేకపోయిన బ్రౌట్‌ను తలచుకుంటే బాధగా ఉంటుంది. వీళ్లను తలచుకుంటే ఆ బాధ ఎందుకో కలగదు. ఈ తేడా ఎక్కడిదో ఎంత ఆలోచించినా ఇంకా అందడం లేదు.