తాపీ ఎవరి చేతికి?

ధ్యానభాగము: నెహెమ్యా 3:1–12



నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయమును మనలో అనేకులు పేర్ల పట్టికయని త్వరగా దాటిపోవుదురు. ఎవరు ఏ గుమ్మము నిలిపిరి, ఎవరి ప్రక్కను ఎవరు ప్రాకారము బాగుచేసిరి అనునదే అందులో నున్నది. అయినను పండ్రెండవ వచనమునొద్ద కొంచెము ఆగుడి. యెరూషలేములో సగము భాగమునకు అధికారియైన షల్లూము తన వంతు గోడను బాగుచేయగా అతని కుమార్తెలును ఆ పనిలో నుండిరి. వారు అన్నము తెచ్చిరని గాని, నీళ్లు అందించిరని గాని అక్కడ లేదు. మగవారి పనికి వాడిన మాటనే వారి పనికిని వాడిరి. దినవృత్తాంతముల మొదటి గ్రంథము ఏడవ అధ్యాయములో ఎఫ్రాయిము వంశపు స్త్రీయైన షెయెరా రెండు బేత్‌హోరోనులను, తన పేరిట మరియొక ఊరిని కట్టించినట్లున్నది. కాబట్టి స్త్రీ కట్టడపు పని చేయవచ్చునా అను ప్రశ్న మనకు పాతదే.

మన భోగాపురము సంగతి చూడుడి. 2023 మే 3వ తేదీన ఇక్కడ సుమారు 2,200 ఎకరములలో అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగెను. అంత పెద్ద పనిచోటనైనను, మన వీధిలో కట్టు రెండు గదుల యింటివద్దనైనను స్త్రీలు లేక పని నడువదు. ఇసుక మోయువారు వారే, మాలు అందించువారు వారే. శ్లాబు వేసిన తరువాత మడులు కట్టి నీరు నిలుపువారును వారే. ఆ నీరు కనీసము ఏడు దినములు పెట్టనియెడల సిమెంటుకు బలము రాదు. సముద్రపు ఇసుకలోని ఉప్పు ఇనుమును తినివేయునని కూడ ఆ తట్ట మోయు అక్కలకు తెలియును. కాని తాపీ మాత్రము వారి చేతికి రాదు. ఇరువది ఏండ్లు పని చేసినను ఆమె ఆడకూలియే. నిన్న మొన్న వచ్చిన కుర్రవాడు రెండు మూడేండ్లలో గోడ కట్ట నేర్చి మేస్త్రియగును. ఆమెయే అతనికి మాలు అందించును.

సమానమైన పనికి సమానమైన వేతనమని 1976లోనే మన దేశములో చట్టము వచ్చినది. మంచి చట్టమే. అయితే తాపీ ఆమె చేతికి ఇయ్యనంత కాలము పని సమానము కానేరదు గదా! అన్యాయము కూలి పంచునప్పుడు కాదు, అంతకు ముందే, పని నేర్పునప్పుడే జరిగిపోవుచున్నది.

పరంజా ఎక్కుట ఆడవారికి అపాయమని కొందరందురు. 2014 జూన్ 28న చెన్నై శివారున మౌలివాక్కములో పదకొండు అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో అనేకులు మన విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల నుండి కూలికి వెళ్లినవారు. స్త్రీలును వారిలో నుండిరి. అపాయము తట్ట మోయువారిని విడిచిపెట్టలేదు. అపాయములో పాలు ఉండి నేర్పులోను లాభములోను పాలు లేకుండుట ఏ న్యాయము?

మరికొందరు పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికను చూపి, స్త్రీ మగ కూలీలపై అధికారము చేయరాదందురు. అపొస్తలుడు అక్కడ చెప్పినది సంఘములోని బోధను గూర్చి. ఇటుకలను గూర్చి కాదు. డేరాలు కుట్టు వృత్తిలో అకులతో పాటు ప్రిస్కిల్లయు ఉండెను. ఆ పౌలే వారి యింట నుండి వారితో పని చేసెను.

ఇతర చోట్ల ఈ సంకోచము తగ్గినది. ఝార్ఖండు పల్లెలలో మరుగుదొడ్లు కట్టిన స్త్రీలను రాజ్‌మిస్త్రీ అను మాటకు జతగా రాణీమిస్త్రీలని పిలిచిరి. మన యూళ్లలోనైతే ఆడ మేస్త్రి అనగానే నవ్వుదురు. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ సంఘముల స్త్రీలు జట్లుగా చేరి ఇండ్లు కట్టి యిచ్చిరి. పెద్ద పనుల మాట చెప్పవలెనన్న, 1953లో సివిల్ ఇంజనీరు పట్టము పొందిన శకుంతలా భగత్ 1970లో భర్తతో కలిసి క్వాడ్రికాన్ అను వంతెనల కంపెనీ పెట్టి, కొండ ప్రాంతములలో ఉక్కు వంతెనలు నిలిపెను.

మన అక్కలకు అంత కంపెనీ అక్కరలేదు. ఒక ప్రహరీ, ఒక మరుగుదొడ్డి, పాతగోడకు పూత, ఇట్లు మొదలుపెట్టవచ్చును. సిమెంటు, ఇనుము యజమాని తెచ్చుకొనగా చదరపు అడుగుకింతయని కూలి మాత్రము గుత్తకు తీసికొనినయెడల పెట్టుబడి స్వల్పము. తాపీ, రసమట్టము, మట్టపుగుండు, కొన్ని బొంగులు చాలును. డ్వాక్రా అప్పుతోనే అవి వచ్చును. కష్టము వేరొక చోటనున్నది. యజమాని సొమ్ము నెలకు ఇచ్చును, కూలీలకు వారము వారము ఇయ్యవలెను. ఆ మధ్య దినములలో నిలువలేక పని మానుకొనువారు కలరు.

అచ్చటనే ఆమెకును పరీక్ష. కూలివాని జీతము బిగపట్టుట ఎంత ఘోరమో యాకోబు పత్రిక చెప్పుచున్నది. నిన్నటివరకు తక్కువ కూలికి బాధపడినది తానే గనుక, నేడు గుత్త పట్టినప్పుడు తన ప్రక్కనున్న ఆడకూలికి ఎంత ఇచ్చునో చూడవలెను. స్త్రీయైనంత మాత్రాన న్యాయముగా నడచునని నేను చెప్పను. మట్టపుగుండు ఎవరు పట్టినను తిన్నగానే వ్రేలాడును. గోడ తిన్నగా లేనియెడల అది ఎవరి గోడయైనను వంకరయే.

మన మందిరములకు కూడ వానకాలమునకు ముందు ఏదో ఒక మరమ్మతు వచ్చుచుండును. ఈసారి ధర చెప్పుటకు ఒక స్త్రీ కొలతల తాడు పట్టుకొని వచ్చినయెడల, మన పెద్దలు ఆమెను కూర్చుండబెట్టి లెక్క అడుగుదురా, లేక "మీ ఆయన్ని పంపమ్మా" అందురా?