తాడుకు కట్టిన బటన్, విల్లుకు కట్టిన తాయెత్తు



సికింద్రాబాద్ నుంచి అల్వాల్ దాటి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట వైపు పోతుంటే హకీంపేటలో స్పోర్ట్స్ స్కూల్ వస్తుంది. పిల్లలు అక్కడే ఉండి, చదువుతో పాటు ఆట నేర్చుకుంటారు. ఆ ఆటల్లో విలువిద్య ఒకటి. ఒకప్పుడు ఏకలవ్యుడి బొటనవేలు గురుదక్షిణ పేరుతో కోయించిన విద్య ఇది. ఈ రోజు మన వాడల పిల్లలు కూడా విల్లు పట్టాలని ఆశపడుతున్నారంటే అది చిన్న మార్పు కాదు.

అలాంటి ఒక ఇల్లు ఊహించుకోండి. మేడ్చల్ దగ్గర ఒక కాలనీ. తండ్రి ధమ్మ దీక్ష తీసుకున్నవాడు. బిడ్డ కాంపౌండ్ విల్లు నేర్చుకుంటోంది. దసరా దగ్గరికొచ్చింది. నానమ్మ అంటుంది: "బిడ్డా, విల్లుకు దిష్టి తగలకుండా నల్లదారంతో తాయెత్తు కడతా. పండుగనాడు పసుపు కుంకుమ పెట్టి జమ్మిచెట్టు కాడికి తీసుకపోదాం."

తండ్రి అడ్డం పడతాడు. "మనం బౌద్ధులం, అవన్నీ మనకొద్దు" అంటాడు. అప్పుడు బిడ్డ అడుగుతుంది: "నాన్నా, తాడుకు మా సార్ ఒక బటన్ కట్టిండు గదా. అది కట్టొచ్చు గానీ నానమ్మ దారం ఎందుకు కట్టొద్దు?"

మీ ఇంట్లో ఈ ప్రశ్న వస్తే ఏం చెప్తారు? కసురుకుంటే నానమ్మ మనసు నొచ్చుకుంటుంది, బిడ్డకు కారణం తెలియదు. రేపు ఆ బిడ్డే మన మీద తిరగబడి, "మరి మీరు బుద్ధుడి ముందు కొవ్వొత్తి ఎందుకు వెలిగిస్తరు? పంచశీల ఎందుకు చదువుతరు?" అని అడుగుతుంది. కాబట్టి ముందు ఆ బటన్ ఏం చేస్తుందో చూద్దాం.

కాంపౌండ్ విల్లుకు రెండు కొసల్లో చక్రాల్లాంటి క్యామ్‌లు ఉంటాయి. తాడు పూర్తిగా లాగాక బరువులో చాలా భాగం తగ్గిపోతుంది. అందుకే విలుకాడు కొద్దిసేపు నిలిపి గురి చూసుకోగలడు. పోటీలో టార్గెట్ 50 మీటర్ల దూరంలో ఉంటుంది. దాన్ని 80 సెంటీమీటర్ల టార్గెట్ అంటారు. పది మార్కుల వలయం అడ్డంగా 8 సెంటీమీటర్లే, అంటే నడిమధ్య నుంచి అంచుకు 4 సెంటీమీటర్లు.

ఇప్పుడు లెక్క చూడండి. కంటి ముందు తాడులో పీప్ అనే చిన్న రంధ్రం ఉంటుంది. చాచిన చేతి దగ్గర, విల్లు మీద సైట్ ఉంటుంది. ఈ రెండింటి మధ్య సుమారు 80 సెంటీమీటర్లు అనుకుందాం. తల ఒరిగి, కంటి దగ్గర చూపు 1 మిల్లీమీటరు పక్కకు పోతే, 50 మీటర్ల దూరంలో ఆ తేడా 6 సెంటీమీటర్లు దాటుతుంది. బాణం పది వలయంలోంచి బయటికి పోయినట్టే. తప్పు అక్కడ కనబడింది గానీ పుట్టింది ఇక్కడ, మన ముఖం దగ్గర.

అందుకే ప్రతి బాణానికీ చెయ్యి, తాడు, ముఖం ఒకే చోట కలవాలి. ఆ చోటును యాంకర్ పాయింట్ అంటారు. చేతి వేళ్ల కణుపులు దవడకు ఆనతాయి, తాడు ముక్కు కొసకు తగులుతుంది, కన్ను పీప్‌లోంచి చూస్తుంది. వీటికి తోడు కొందరు పీప్‌కు కింద కిస్సర్ బటన్ అనే చిన్న బిళ్లను దారంతో చుట్టి కడతారు. తాడు లాగినప్పుడు అది పెదవుల మూలన తగలాలి. తగిలితే తల సరైన చోటే ఉంది. తగలకపోతే ఏదో మారింది, వదలకు, దించి మళ్లీ లాగు అని గుర్తుచేస్తుంది. దాని పని అంతే. పోటీ నియమాలు కూడా కాంపౌండ్ విల్లుకు దీన్ని ఒప్పుకుంటాయి.

నానమ్మ దారమూ కట్టిందే, సార్ బటనూ కట్టిందే. తేడా ఎక్కడుంది?

కాలాములకు తథాగతుడు ఇచ్చిన ఉపదేశం గుర్తుచేసుకోండి. తరతరాల ఆచారమనో, పెద్దలు చెప్పారనో ఒప్పుకోవద్దు, మీకు మీరుగా పరిశీలించి తెలుసుకోండి అన్నారు. బటన్‌ను అట్లా పరిశీలించొచ్చు. బటన్‌తో కొన్ని రోజులు, లేకుండా కొన్ని రోజులు బాణాలు వేసి, గుంపు ఎక్కడ పడుతుందో చూడొచ్చు. తప్పు చోట కట్టామని తేలితే జరుపుకోవచ్చు. మరి తాయెత్తు? బాణం తగిలితే తాయెత్తు మహిమ అంటారు. తగలకపోతే దిష్టి గట్టిదంటారు. ఎట్లయినా తాయెత్తుది తప్పు కాదు. తప్పు దొరకని చోట దిద్దుబాటూ ఉండదు.

ఇంకో తేడా ఉంది. తాయెత్తు కట్టుకున్నాక మనం చేయాల్సింది ఏమీ ఉండదు. బటన్ కట్టాకే పని మొదలవుతుంది. ప్రతి బాణానికీ నువ్వే దాని దగ్గరికి రావాలి. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో ఆమె స్కోరు 149. మొత్తం 15 బాణాలకు 150 మార్కులు, పోయింది ఒక్క మార్కే. ఒకే చోటికి వేలసార్లు తిరిగి రావడం అలవాటైన శరీరానికే అది సాధ్యం.

బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం' గ్రంథంలో ఏది ధమ్మం, ఏది అధమ్మం అని విడదీసి చెప్పారు. మానవాతీత శక్తుల మీద నమ్మకాన్ని అధమ్మంలో చేర్చారు. జీవితాన్ని పరిశుద్ధంగా నిలుపుకోవడాన్ని ధమ్మం అన్నారు. బిడ్డ ప్రశ్నకు జవాబు ఇందులో ఉంది.

అయితే బంధువులారా, వేలు నానమ్మ వైపే చూపితే సరిపోదు. మన పంచశీల మనకు బటనా, తాయెత్తా?

విహారంలో తెల్లబట్టలు కట్టుకుని మత్తు ముట్టనని చదువుతాం. రాత్రికి బెల్టుషాపు దగ్గర కనబడతాం. అబద్ధమాడనని చదువుతాం. ఔటర్ రింగు రోడ్డు పక్కన ప్లాటు అమ్మించేటప్పుడు కాగితాల్లో లొసుగు దాచి కమీషన్ తీసుకుంటాం. ఇవ్వనిది తీసుకోనని చదువుతాం. కొడుకు పెళ్లిలో కట్నం లెక్క పెట్టుకుంటాం. గోడ మీద బాబాసాహెబ్ ఫొటోకు మాత్రం పూలదండ వాడనివ్వం. అప్పుడు పంచశీల నల్లదారం కాక మరేమిటి? కట్టేశాం కాబట్టి అదే కాపాడుతుందనుకుంటున్నాం.

బటన్ కట్టే పద్ధతిలోనే మనకు మూడు పాఠాలున్నాయి.

మొదటిది. ముందు బటన్ కట్టి, దాన్ని అందుకోవడానికి మెడ సాచకూడదు. నిటారుగా నిలబడి, కళ్లు మూసుకుని సహజంగా లాగి, చెయ్యి ఎక్కడ కుదురుకుంటుందో చూసి, పెదవి ఉన్నచోట బటన్ కట్టాలి. శీలం కూడా పదిమంది చూస్తున్నారని మెడ సాచి అందుకునేది కాదు. అర్థం చేసుకుని, మన బతుకులో నిలబెట్టుకునేది.

రెండోది. ఒకరి బటన్ ఇంకొకరి ముఖానికి సరిపోదు. పంచశీల అందరిదీ ఒకటే, కానీ జారిపోయే చోటు ఒక్కొక్కరిది ఒకటి. ఒకరికి నోరు, ఒకరికి తాగుడు, ఒకరికి కోపం. పక్కవాడి శీలాన్ని కొలిచే ముందు మనం జారే చోటు తెలుసుకోవాలి.

మూడోది. వాడగా వాడగా బటన్ తాడు మీద కొంచెం కొంచెం జరుగుతుంది. విలుకాడికి తెలియదు, బాణాలు మాత్రం పక్కకు పోతుంటాయి. అందుకే గుర్తు పెట్టుకుని తరచూ చూసుకోవాలి. 1956 అక్టోబరు 14న, విజయదశమి నాడు, నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకుని, తన వెంట వచ్చిన లక్షల మందితో 22 ప్రతిజ్ఞలు చేయించారు. మన దసరా అది. విల్లుకు పసుపు పూసే పండుగ కాదు, మన బటన్ ఎంత జరిగిందో ఏటా చూసుకునే రోజు.

ధమ్మపదం చిత్తవగ్గంలో తథాగతుడు, నిలకడ లేని చిత్తాన్ని సరిచేసుకోవడాన్ని బాణాలు చేసేవాడి పనితో పోల్చారు. ఆనాపాన సాధనలో శ్వాస తగిలే చోటును ముక్కు కొస దగ్గర, పై పెదవి దగ్గర గమనించమంటారు. విలుకాడికి తాడు తగిలే చోటు కూడా దాదాపు అదే. రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చోండి. మనసు పోతుంది, పోనివ్వండి. పోయిందని తెలియగానే ఆ చోటికి తీసుకురండి. తర్వాత ఐదు శీలాలను ఒక్కొక్కటిగా తలచుకుని, ఈ రోజు ఎక్కడ జారానో అడగండి. ఎవరికీ చెప్పనక్కరలేదు. మీకు మీరు దాచకుంటే చాలు.

ఇక నానమ్మ సంగతి. ఆమె దారంలో మూఢనమ్మకం ఒక్కటే లేదు, మనవరాలి మీద ప్రేమ, భయం కూడా ఉన్నాయి. పిల్ల ఊరుగాని ఊరు పోతుంది, తన చేతిలో ఇంకేముంది ఇవ్వడానికి? దారం వద్దన్నప్పుడు ఆ ప్రేమకు ఇంకో పని చూపాలి. తండ్రి ఆమెను గ్రౌండుకు తీసుకుపోవాలి. బిడ్డ, "నానమ్మా, నువ్వు గీత వెనక నిలబడి నా పెదవి దిక్కు చూడు. బటన్ తగలకుండ వదిలితే నాకు చెప్పు" అనాలి.

ఆ ముసలి కళ్లు దిష్టి కోసం గాలిలో వెతకడం మాని, మనవరాలి పెదవి మూల చూస్తాయి. తగిలిందా, లేదా? అట్లా చూడటమే స్మృతి. ధమ్మం ఆ ఇంట్లోకి అట్లా వస్తుంది. మన ఇళ్లలోకీ అట్లాగే రావాలి.