ఋషి రుణానికి గోత్రం అక్కర్లేదు

మహాలయ పక్షంలో రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులో తర్పణాలు విడిచేవారిని చూడండి. తండ్రి, తాత, ముత్తాతల నుంచి మేనత్తలు, మేనమామల దాకా వరుసగా పేరు, గోత్రం చెబుతారు. ఆ వరుసలో గురువుకూ చోటుంది. అన్నీ అయ్యాక చివర్న తడిబట్ట పిండి ఆ నీళ్లు విడుస్తారు. కొడుకులు లేకుండా పోయిన వంశంవారికి ఆ నీళ్లు. బట్ట నేసినవాడి ఊసు మాత్రం మంత్రంలో ఎక్కడా రాదు.

అక్కడ నాకు సురయ్యా హసన్ బోస్ గుర్తొస్తారు. 1928లో పుట్టిన ఆవిడ 2021 సెప్టెంబరు 3న హైదరాబాద్‌లో కన్నుమూశారు. నేతాజీతో 1943లో జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ సఫ్రానీ ఆవిడ పినతండ్రి. మరుగున పడుతున్న హిమ్రూ, మష్రూ, జామేవార్ నేతల్ని ఆవిడ హైదరాబాద్ రాయదుర్గంలో మగ్గాలు పెట్టి మళ్లీ నేయించారు. నేసింది ఎవరనుకున్నారు? భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు. వాళ్లకు పని నేర్పించి, పిల్లల చదువుకు బడి కూడా పెట్టారు.

మష్రూ చిత్రమైన బట్ట. పైకి కనిపించేదంతా పట్టు, ఒంటికి తగిలేది నూలు. మగవారి ఒంటికి పట్టు తగలరాదన్న ఇస్లాం నియమం అలా నిలబడింది, మెరుపూ దక్కింది. మా గోదావరి ఇళ్లలోనేమో మడికి పట్టుబట్ట కడతారు. నేతగాడు ఇద్దరికీ నేసిచ్చాడు, ఎవరితోనూ వాదం పెట్టుకోలేదు.

మనిషి మూడు రుణాలతో పుడతాడంటుంది వేదం. దేవతల రుణం యజ్ఞంతో, పితరుల రుణం సంతానంతో తీరుతుంది. ఋషుల రుణం తీరేది విద్యతో, అంటే నేర్చుకుని మరొకరికి నేర్పడంతో. దీన్ని వేదం చదువుకే పరిమితం చేయడం నాకెప్పుడూ రుచించదు. నేత కూడా అలాంటి విద్యే. పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాళ్లు అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలు తీసేయరు. కొత్త పడుగులోని పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు, నడుం విరిగే పని. గురువు పోయాక విద్య నిలిచేదీ ఇలాగే. పితృ రుణానికి నెత్తురు సంబంధం కావాలి, ఋషి రుణానికి అక్కర్లేదు. సురయ్యా గారి మతంలో తర్పణాలు లేవు, మన నీళ్లతో ఆవిడకు పనీ లేదు. ఆవిడ నేర్పించిన చేతులు నేస్తే చాలు.

పితృకార్యాలకు పిఠాపురం పాదగయ వెళ్లేవారికి ఉప్పాడ ఎంతో దూరం కాదు. అక్కడి జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక్క మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని బుటాల పోగుల్ని చేత్తో అల్లుతారు. చీర తిరగేసినా బుటా అలాగే కనిపిస్తుంది. నేత ఇళ్లలో పిల్లలు ఉద్యోగాల బాట పడుతున్నారు. వాళ్లను తప్పుపట్టను. కూలి గిట్టని పనిని పుణ్యమని చెప్పి పిల్లల నెత్తిన రుద్దడం అన్యాయం. నేసినవాడికి తగిన కూలి ముందు ఇవ్వాలి. ఆ తర్వాత నేర్చుకుంటానని ఎవరొచ్చినా మగ్గం దగ్గర చోటివ్వాలి, రాయదుర్గంలో ఇచ్చినట్టు. పక్కన కూర్చునే రెండో మనిషి ఎవరింటివాడన్న ప్రశ్న అప్పుడు అడగక్కర్లేదు.