అపరాధభారము ఎవరిది?

మధురవాడకును వేంకటాపురమునకును నడుమ సింహాచలము కొండల వరుస కలదు. కొండలకు తూర్పున, సముద్రపు గాలి తగులుచుండు మధురవాడ. పడమట, గోపాలపట్టణమునకు చేరువగా, ఆర్.ఆర్. వేంకటాపురము. 2020వ సంవత్సరము మే నెల 7వ తేదీ తెల్లవారుజామున సుమారు 3 గంటల వేళ, ఆ పడమటి ప్రక్కనున్న ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి నిద్రించుచున్న ఊరిపై పడినది. గాలికంటె బరువైన ఆవిరి గనుక అది నేలను పట్టుకొని ప్రాకినది. తలుపులు తీసికొని పరుగెత్తినవారిలో కొందరు త్రోవలోనే కూలిపోయిరి. పశువులు కట్టుకొయ్యలయొద్దనే ప్రాణములు విడిచినవి. పండ్రెండుగురు మరణించిరి, వందలాది జనులు ఆసుపత్రుల పాలైరి. తెల్లవారిన పిమ్మట ఈ వార్త విని, కొండ అడ్డమున్నది గదా యని ఊపిరి పీల్చుకొన్నవారు నగరపు ఈ వైపున లేకపోలేదు. అట్లు అనుకొనుట మానవ సహజము. అయినను ఈ దుర్ఘటన లేవనెత్తిన ధర్మసందేహము ఆ కొండకు ఇరుప్రక్కల నున్నవారిదియు నగుచున్నది. ఒక మహాపరాధము అనేకుల చేతులమీదుగా జరిగినప్పుడు దాని భారము ఎవ్వరిది?

ముందుగా జరిగినదేమో తెలిసికొనవలయును. స్టైరీను పెట్రోలియమునుండి పుట్టెడి ద్రవము. ఓడలలో రేవునకు వచ్చి కర్మాగారము చేరును. దానినుండి పాలీస్టైరీను, థర్మోకోలునకు వలయు ముడిసరుకు తయారగును. ఈ ద్రవమునకొక స్వభావము కలదు. వెచ్చదనము తగిలినచో దాని అణువులు తమంతట తామే ఒకదానితో నొకటి గొలుసుగా కలియ నారంభించును. ఆ కలయికలో వేడి పుట్టును. ఆ వేడి కలయికను మరింత త్వరపెట్టును. కావున దానిని చల్లగా నుంచవలెను. కలయికను అడ్డగించు రసాయనమును తగుపాళ్లలో కలుపుచుండవలెను. ట్యాంకు అడుగుననే గాక నడుమను, పైభాగమునను వేడిని కొలుచుచుండవలెను. ఇది అంత గహనమైన శాస్త్రము కాదు. పొయ్యిమీద పాలుంచి ప్రక్కవీధికి పోయెడి ఇల్లాలు ఉండదు.

ప్రభుత్వము నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన నియమించిన ఉన్నతాధికార సంఘము 2020 జూలై 6వ తేదీన తన నివేదికను సమర్పించెను. అందలి విషయములు చదివినవారికి దుఃఖముకంటె ముందుగా ఆశ్చర్యము కలుగును. లాక్‌డౌను వలన మార్చి చివరనుండి కర్మాగారము నిలిచియున్నది. ట్యాంకు మాత్రము నిండియున్నది. చల్లబరచు యంత్రమును పగటివేళ నడిపి సాయంకాలము 5 గంటలకు ఆపివేయుచుండిరి. వేసవి రాత్రులలో విశాఖ ఎంత చల్లబడునో ఆ నగరవాసులకు చెప్పనక్కరలేదు. కలయికను అడ్డగించు రసాయనపు నిలువలు లేవు. ఉష్ణమాపకము ట్యాంకు అడుగుభాగముననే కలదు, కాగినది పైభాగము. 2019 డిసెంబరులో గొట్టముల అమరికను మార్చినందున లోని ద్రవము చక్కగా కలగలియుట లేకపోయెను. ఇంతేగాక, ఉత్పత్తిని పెంచుకొనుచు పోయిన ఈ సంస్థ, అంతటి ఉత్పత్తికి వలయు పర్యావరణ అనుమతి తనకు లేదని 2019 మే నెలలో ప్రమాణపత్రమున తానే ఒప్పుకొనియుండెను. అటుపిమ్మట ఒక సంవత్సరము గడచినది. పత్రము పత్రముగానే యుండెను. ట్యాంకు ట్యాంకుగానే యుండెను.

నివేదిక వెలువడిన మరునాడే సంస్థ ముఖ్యాధికారులు మొదలుగా పండ్రెండుగురిని నిర్బంధించిరి. పర్యవేక్షణ శాఖలకు చెందిన కొందరు అధికారులను సస్పెండు చేసిరి. అంతకుముందే, మే 8వ తేదీన, జాతీయ హరిత న్యాయస్థానము 50 కోట్ల రూపాయలు జమచేయుమని సంస్థను ఆదేశించియుండెను. మృతుల కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వము కోటి రూపాయల చొప్పున ప్రకటించెను. ఇవన్నియు కావలసినవే. అయినను ఈ కార్యక్రమము నడుమ మరియొక తతంగము నడచినది. కర్మాగారము మూతపడుటయే కారణమని కొందరు, యంత్రము పాతదని కొందరు, తనిఖీ చేయవలసినవారు చేయలేదని కొందరు, అంతదగ్గరగా ఇండ్లు కట్టనిచ్చినదెవరని కొందరు పలికిరి. ప్రతి మాటలోను కొంత నిజము కలదు. ఆ కొంత నిజమే ప్రతివానికి దాగుకొనుటకు చాటైనది.

ఇది ఒక్క విశాఖ నగరపు కథ కాదు. 2010 ఏప్రిల్ 20వ తేదీన అమెరికా దేశపు దక్షిణ తీరమున, మెక్సికో సింధుశాఖలో, డీప్‌వాటర్ హొరైజన్ అను సముద్రపు తవ్వక వేదిక ప్రేలి పదునొకండుగురు పనివారు మరణించిరి. సముద్రగర్భమునుండి 87 దినములు చమురు ఎగజిమ్మినది. తీరములు నల్లబడినవి, పక్షులు రెక్కలు కదల్పలేక చచ్చినవి, జాలరుల వలలు ఒడ్డుననే ఎండినవి. బావి బి.పి. సంస్థది, వేదిక ట్రాన్సోషన్ వారిది, బావికి సిమెంటు పోసినది హాలిబర్టన్. మూడు సంస్థల పెద్దలును అమెరికా శాసనసభ సంఘము ఎదుట వరుసగా కూర్చుండి ఒకరివైపు ఒకరు వ్రేలు చూపుకొనిరి. తుదకు 2014లో న్యాయస్థానము అపరాధమును తూకమువేసి, బి.పి.కి నూటికి 67 పాళ్లు, ట్రాన్సోషనుకు 30, హాలిబర్టనుకు 3 అని పంచియిచ్చెను. తనిఖీ చేయవలసిన ప్రభుత్వ సంస్థ మాటయో, చమురు తవ్వకముపై రాబడి వసూలు చేయునది అదియే, తవ్వకము సురక్షితమా యని చూడవలసినదియు అదియే. ఒకే చేయి సుంకము పుచ్చుకొనుచు, ఒకే కన్ను దోషము వెదకవలెనన్నమాట. ప్రమాదము జరిగిన పిమ్మటనే ఆ రెండు పనులను విడదీసిరి.

నష్టపరిహారమును రాబట్టుటకు ఈ పాళ్ల లెక్క అవసరమే. రూపాయిని పంచవచ్చును. అపరాధమును కూడ అట్లే పంచవచ్చునా? నూటికి 3 పాళ్లు దోషియైనవాడు ఆ మరణించిన పదునొకండుగురిలో ఎంతమందికి ఉత్తరువాది? లెక్క కుదరదు. సిమెంటు సరిగా నిలిచియున్నచో పదునొకండుగురును బ్రతికెడివారు. వేదికపై పరీక్షను సరిగా చదివియున్నచో అప్పుడును పదునొకండుగురును బ్రతికెడివారు. వేంకటాపురమునను అంతే. రాత్రివేళ చల్లబరచు యంత్రము నడచియున్నచో, పైభాగమున ఒక ఉష్ణమాపకము ఉన్నచో, ఒక అధికారి పత్రము చదివి లేచి వెళ్లియున్నచో, వీనిలో ఏ యొక్కటి జరిగినను ఆ రాత్రి కథ మారియుండును. చేయివేయవలసిన ప్రతివాని చేతిలోను మొత్తము ప్రాణములున్నవి. శరణులు చెప్పిన కాయక ధర్మమునకు ఇది మిక్కిలి దగ్గరి సంగతి. కాయకమనగా పొట్టకూటికి చేసెడి పని మాత్రమే కాదు. చేసెడివాడు ఆ పనిలో సంపూర్ణముగా నుండవలెను. దాని ఫలము జంగమమునకు, అనగా లోకమునకు, అర్పితము కావలెను. అట్టి కాయకమున మూడుపాళ్ల శరణుడు ఉండడు.

భారతదేశపు న్యాయశాస్త్రము సయితము ఒక విషయమున ఈ దారికి చేరువకు వచ్చినది. 1868లో ఇంగ్లండున రైలాండ్సు కేసులో ఏర్పడిన సూత్రము ప్రకారము, అపాయకరమైన వస్తువును తన నేలలో నుంచుకొన్నవాడు అది బయటపడి హాని చేసినచో బాధ్యుడే. కాని దైవికమనియు, పరుల చేష్టయనియు తప్పించుకొనుటకు కొన్ని త్రోవలు మిగిలెను. 1984 డిసెంబరులో భోపాలు రాత్రి గడచిన పిమ్మట, 1985 డిసెంబరులో ఢిల్లీ శ్రీరాం కర్మాగారమునుండి ఓలియం వాయువు వెలువడిన కేసులో, ప్రధాన న్యాయమూర్తి భగవతి ధర్మాసనము 1986 డిసెంబరు 20వ తేదీన ఆ త్రోవలను మూసివేసెను. అపాయకరమైన వృత్తి చేపట్టి లాభము పొందువాడు, ఎంత జాగ్రత్త పడితినని చెప్పుకొన్నను, హాని జరిగినచో సంపూర్ణ బాధ్యుడే యని తీర్పు చెప్పెను. మంచి తీర్పు. అయితే న్యాయస్థానము మాట్లాడునది ప్రాణము పోయిన తరువాతనే గదా.

ఇచ్చట ఒక ఆక్షేపణ బయలుదేరును. లోకపు వంకరను దిద్దబోవుటకు ముందు నీ మనస్సును దిద్దుకొనుమని బసవేశ్వరుడు బోధించెను గదా. ఇతరుల తప్పులెన్నుట లింగవంతులకు తగునా? అపరాధులెవరని వెదకుట క్రోధమునకు దారితీయదా? ఈ మాట సభలలో తరచు వినబడుచున్నది. మిక్కిలి సాత్వికముగా వినబడును గనుక దీనిని జాగ్రత్తగా పరిశీలింపవలెను. పంచాచారములలో భృత్యాచారము కలదు. అందరికంటె తాను చిన్నవాడనని, దోషము తనయందే యున్నదని తలంచుట దాని లక్షణము. అదే పంచాచారములలో గణాచారమును కలదు. శివనిందను విని మౌనముగా నుండరాదని దాని విధి. గణాచారమునకు సంకుచితార్థము చెప్పి, నోటితో చేసిన నిందకే దానిని పరిమితము చేసినవారున్నారు. చరలింగమే జంగమమైనప్పుడు, ప్రతి దేహమును దేవాలయమైనప్పుడు, నిద్రించుచున్న బిడ్డల దేహములలోనికి విషము ఊదుటకంటె పెద్ద శివనింద యేది? దానిని చూచి మౌనము వహించువాడు భృత్యాచారమును గూర్చి మాట్లాడుచున్నచో, ఆ వినయము వానికి సుఖముగా నున్నదని మాత్రమే చెప్పవచ్చును.

ఆ బోధ ఎవరిని ఉద్దేశించినదో చూడుడు. ఊపిరాడక పడియున్నవానితో, నీ మనస్సును ముందు దిద్దుకొనుమని చెప్పుట క్రౌర్యము. యంత్రపు మీటపై చేయి గలవానికి, సంతకము పెట్టువానికి, లాభము లెక్కించువానికి అది చెప్పదగిన మాట. ఆత్మపరీక్షకు వరుస అధికారముగలవానినుండి మొదలగును. బసవేశ్వరుడు స్వయముగా కళ్యాణమున బిజ్జలుని భండారి. భక్తులకు ధనము దోచిపెట్టుచున్నాడని అసూయాపరులు రాజునకు చాడీలు చెప్పగా, భాండారమును తెరచి లెక్క చూపినాడని పరంపరాగత కథ. తన్ను తనిఖీ చేయుట అవమానమని ఆయన భావింపలేదు. అనుభవ మంటపమున అల్లమప్రభువు ఎదుట అక్కమహాదేవి అంతటి విరాగిణియు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసివచ్చెను. మనస్సు శుద్ధముగా నున్నచో నియంత్రణమెందులకు అని వాదించువారు ఈ సంగతి గుర్తింపవలెను. శుద్ధమనస్కులే పరస్పరము ప్రశ్నించుకొనిరి; ఇక లాభమునకై నడచు సంస్థ తన్ను తానే తనిఖీ చేసికొని అంతయు బాగున్నదని వ్రాసి పంపిన కాగితమును నమ్ముమనుట ఎట్టి వివేకము?

ఆయ్దక్కి మారయ్య కథ లింగవంతుల ఇండ్లలో తెలియనివారుండరు. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరుకొని తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ మూటను చూచి, ఈ అధికము ఆశవలన వచ్చినదని గ్రహించి, తీసికొనిపోయి తెచ్చినచోటనే పోసిరమ్మని పంపెను. ఆమె దొంగతనమును పట్టుకొనలేదు. ఏరుకొన్న గింజలే అవి. అనుమతించిన కొలతను మించినవి, అంతే. కర్మాగారముల విస్తరణకు ప్రభుత్వము ఇచ్చెడి అనుమతి పత్రములో వ్రాసియుండునదియు ఒక కొలతయే. మించిన ఉత్పత్తి నడచుచున్నదని పత్రము ద్వారా తెలిసిన నాడు, తెచ్చినచోట పోసిరమ్మని చెప్పవలసిన లక్కమ్మలు కార్యాలయములలో కూర్చుండి యుండవలసినది.

మరియొక మాటయు వినబడును. పాలీస్టైరీనును వాడువారందరును దోషులే గదా యని. నిజమే, పెండ్లిండ్లలోను, దాసోహములలోను సయితము థర్మోకోలు పళ్లెములలో ప్రసాదము వడ్డించిన దినములు కలవు. 2022 జూలై 1వ తేదీనుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు మొదలగువానిని కేంద్ర ప్రభుత్వము నిషేధించినది. విస్తరాకు ఉండగా థర్మోకోలు పళ్లెమెందులకని శరణులు సిగ్గుపడవలసినదే. కాని ఈ సిగ్గును ఆ రాత్రి అపరాధముతో ఒకే త్రాసున వేయరాదు. అందరును దోషులే అను మాట వెంబడి, కావున ఎవ్వరును దోషులు కారు అను మాట నిశ్శబ్దముగా నడచివచ్చును. పళ్లెములో తిన్నవాడు ట్యాంకును చూచి యెరుగడు. చూచి యెరిగినవాడు వేరు.

నివేదికలోని ఒక చిన్న విషయము మాత్రము చదివినవారిని వెంటాడును. ఆ కర్మాగారమున అపాయ సమయమున మ్రోగవలసిన సైరను ఉన్నది. దానిని మ్రోగించుటకు ఆవరణలో 36 చోట్ల ఏర్పాటు కలదు. సైరను కొనుటకు ధనము వెచ్చించిరి. అమర్చుటకు పనివారు శ్రమించిరి. ఉన్నదని తనిఖీ పత్రములలో గుర్తు పెట్టుకొనియుందురు. నియమము ప్రకారము లోపమేమియు లేదు. ఆవిరి గోడ దాటుచున్న వేళ, ఆ 36 చోట్లలో ఏ యొక్కచోటను ఎవ్వరును దానిని నొక్కలేదు. గోడకు ఆవల ఊరు నిద్రించుచుండెను.