కొనువాని మౌనము

అమ్మువాని దొంగ త్రాసును గూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. కొనువాని నాలుకను గూర్చి ఎన్ని వినియున్నాము? నేనైతే ఎక్కువ వినలేదు. కావలిలో ఒక చాకు కొనువరకు ఆ సంగతి నాకు తోచనూ లేదు.

రెండేండ్ల క్రిందట మా ఊరి మందిరపు తలుపు బందులు ఊడిపోగా, క్రొత్తవి తెచ్చుటకు నేను కావలి వెళ్లితిని. ట్రంకు రోడ్డుమీది పెద్ద అంగళ్లలో తగిన కొలత దొరకలేదు. లోపలి వీధిలో ఒక పాత ఇనుప సామానుల కొట్టు ఉన్నదని ఎవరో చెప్పిరి. కొడవళ్లు, గొలుసులు, గునపములు, మేకుల డబ్బాలు గుమ్మమువరకు పరచియున్న చిన్న కొట్టు అది. ఒక ముసలామె కూర్చుండి యుండెను. భర్త చనిపోయిన తరువాత ఆమెయే దానిని నడుపుచున్నదట. పాత రేకు పెట్టె ఒకటి నా ముందుకు నెట్టి, అందులో వెదకుకొమ్మనెను.

బందులు దొరికినవి. వాటి అడుగున ఒక మడత చాకు కూడ దొరికినది.

చేతిలోనికి తీసికొనగానే దాని బరువు తెలిసినది. పిడి నల్లని గేదె కొమ్ము. గోటి గంటులో గోరు పెట్టి లాగితిని. మొదట బిగుసుకొని, పిమ్మట టక్కుమని తెరచుకొనెను. చవుక చాకును తెరచి ప్రక్కకు కదిలించినయెడల ఊడబోవు పన్నువలె ఊగును, ఇది ఊగలేదు. మూసినప్పుడు అలుగు ఏ ప్రక్కకును రాచుకొనక, సరిగా నడుమ పడుకొనెను. బొటనవ్రేలితో తుప్పు తుడిచి చూడగా అక్షరములు కనబడినవి: రాజర్స్, షెఫీల్డు. ప్రక్కన చిన్న నక్షత్రము, సిలువ.

మా తాతగారు బడిపంతులు. ఆయన యొద్ద అట్టి చాకు ఒకటి ఉండెడిది. దానితో పెన్సిళ్లు చెక్కెడివారు, మామిడికాయ కోసెడివారు, వేసవిలో మాకు తాటిముంజలు తీసి పెట్టెడివారు. పులుపు తగిలి అలుగు నల్లబడినను పదును పోలేదు. అందుచేత ఆ గుర్తు నాకు తెలియును. పాత వస్తువులు సేకరించువారు అట్టి చాకును వేల రూపాయలకు కొందురని చెన్నైలోని మా మేనల్లుడు చెప్పగా వినియున్నాను.

“ఎంత పెద్దమ్మా?” అని అడిగితిని.

“నాకేం తెలుసయ్యా? ఆయన ఉన్నప్పటి నుంచీ ఆ పెట్టెలోనే ఉండాది. మీరే చెప్పండి అయ్యవారూ, సదువుకున్నోళ్లు గదా. యాభై ఇస్తారా?”

నేను ముఖములో ఏమియు కనబడనీయలేదు. “తుప్పు పట్టిపోయింది గదా పెద్దమ్మా, పాతది. నలభై తీసుకో” అంటిని.

ఆమె దానిని చీర చెరగుతో తుడిచి నా చేతిలో పెట్టెను.

బస్‌స్టాండులో మా ఊరివాడొకడు కలిసెను. చాకు తీసి చూపి, “ఆమెకేం తెలుసు!” అని నవ్వితిని. అతడును నవ్వెను. ప్రియ చదువరీ, అంగడిలో నిలిచినంతసేపు సరుకును తూలనాడి, వీధి మలుపు దాటగానే తన తెలివిని చెప్పుకొని మురియు మనుష్యుని సామెతల గ్రంథము మూడువేల ఏండ్ల నాటి లోకమునుండి మనకు చూపుచున్నది. ఆ మనుష్యుడు ఆ దినమున కావలి బస్‌స్టాండులో నిలిచియుండెను.

రాత్రి భోజనమువేళ ఈ కథ యంతయు నా భార్యకు చెప్పితిని. ఆమె నవ్వలేదు. “మీరే చెప్పండని ఆమె అడిగినప్పుడు మీరేం చెప్పినారు?” అని మాత్రము అడిగెను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నా పక్షమున వాదించుకొనుటకు మాటలు లేకపోలేదు. నేను దొంగిలించితినా? ఆమె అడిగినదానికి పది రూపాయలు తగ్గించితిని. బేరమన్న తరువాత తగ్గింపు ఉండును గదా! చట్టము కూడ నా వైపే ఉన్నట్టు తోచెను. మన దేశపు 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము, మాటలాడవలసిన బాధ్యత ఉన్న సందర్భములు తప్ప, ఊరక మౌనముగా నుండుట మోసము కాదని చెప్పుచున్నది. ముద్ర విషయములో చట్టము అమ్మువానిని గట్టిగానే పట్టుకొన్నది. షెఫీల్డు కత్తులవారు తమ గుర్తులను కాపాడుకొనుటకు 1624లోనే ఒక సంఘముగా ఏర్పడిరి. మంచి గుర్తునకు విలువ వచ్చినకొలది దొంగ గుర్తులు పుట్టినవి. జర్మనీనుండి వచ్చు నాసిరకపు కత్తులమీద షెఫీల్డు పేరు కొట్టుచుండిరని గోల లేచి, 1887లో ఇంగ్లండులో చట్టము వచ్చెను. 1889లో మన దేశమునకును అట్టిదే వచ్చెను. ఇట్లు అమ్మువాని ముద్రకు కాపలా పెట్టిరి. కొనువాని మౌనమునకు కాపలా యెవరు?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. క్రీస్తునకు పూర్వము 44లో రోమా పండితుడైన సిసెరో దీనిని వ్రాసెను. రోదు ద్వీపములో కరవు. ఒక వర్తకుడు అలెక్సంద్రియనుండి ధాన్యపు ఓడతో ముందుగా చేరినాడు. వెనుక మరి అనేకమైన ఓడలు వచ్చుచున్నవని అతనికి తెలియును, పట్టణస్థులకు తెలియదు. అతడు చెప్పవలెనా, లేక ఊరకుండి ఎక్కువ ధరకు అమ్ముకొనవచ్చునా? చెప్పనక్కరలేదని ఒక గురువు, చెప్పితీరవలెనని మరియొక గురువు వాదించిరి. ఇతరులు ఎరుగవలసినదానిని మన లాభముకొరకు దాచుట మంచివాని పని కాదని సిసెరో తేల్చెను. ఆయనయే స్కేవొలా అను నొకని సంగతి కూడ చెప్పెను. ఇతడు పొలము కొనబోయి, చెప్పిన వెల విని, నా అంచనాలో దీని విలువ ఇంకను ఎక్కువయని లక్ష నాణెములు అదనముగా ఇచ్చెనట. అతడు మంచివాడే గాని తెలివిగలవాడు కాడని జనులనిరి. బస్‌స్టాండులో నేనును అదే అనియుందును.

అయిదవ శతాబ్దపు ఆరంభములో అగస్టీను వ్రాసినది నా కథకు ఇంకను దగ్గర. చవుకగా కొని ప్రియముగా అమ్మవలెనని అందరును కోరుదురని ఒక హాస్యగాడు చెప్పగా జనులు ఔననిరట. అందరునా? నేనొకని ఎరుగుదును, అని అగస్టీను చెప్పుచున్నాడు. అతనియొద్దకు ఒకడు పుస్తకము అమ్మ తెచ్చి, దాని విలువ తెలియక కొంచెమే అడిగెను. కొనువాడు ఎరిగినవాడై, అమ్మువాడు ఎదురు చూడని న్యాయమైన వెలయే చేతిలో పెట్టెను.

ఇక్కడ బైబిలు చదువువారు ఒక ప్రశ్న వేయుదురు. పొలములో ధనము కనుగొని, దానిని దాచిపెట్టి, ఆ పొలమును కొన్నవానిని గూర్చి ప్రభువు ఉపమానము చెప్పలేదా? ఆ రాత్రి నేనును ఆ ఉపమానము చాటుననే దాగబోయితిని. గాని ప్రభువు తన రాకడను దొంగ రాకడతో పోల్చినప్పుడు దొంగతనమును మెచ్చుకొన్నాడా? ఉపమానములో మెచ్చుకొనదగినది ఆ మనుష్యుడు కలిగినదంతయు అమ్మివేయుట. నేనేమి అమ్మితిని? యాభైని నలభై చేసితిని.

తెలిసినదంతయు అందరికిని చెప్పితీరవలెననియు నేను అనను. వచ్చే ఏడు మిరపకు ధర వచ్చునని ఊహించి సాగుచేయు రైతు పొరుగువానికి ఆ లెక్క చెప్పనక్కరలేదు. అది అతని కష్టఫలము, అతని నష్టభయము. ఒకప్పుడు మన తెలుగు నేలపై, నిజామాబాదు జిల్లా కోనసముద్రములో, పేరుపొందిన ఉక్కు తీసెడివారు. దానికొరకు పారసీక వర్తకుడొకడు ఇస్ఫహానునుండి వచ్చి, మూసల యొద్దనే నిలిచి తూకము చూచుకొనుచుండెనని 1832లో అచ్చయిన వ్యాసములో వోయిసీ దొర వ్రాసెను. చేయువానికి ఉక్కు తెలియును, కొనువానికిని తెలియును. అట్టి చోట బేరము బేరమే. నా బేరము అట్టిది కాదు. ఆమె తనకు తెలియదని ఒప్పుకొని, నన్ను నమ్మి అడిగెను. అడుగబడిన తరువాత మౌనము మౌనముగా ఉండదు, అబద్ధముగా మారును. నేను మౌనముతో కూడ ఆగలేదు, తుప్పును చూపితిని.

మరి యొకటి నన్ను మిక్కిలి గ్రుచ్చెను. తుమ్మలపెంట రేవున తెల్లవారుజామున పడవ దిగిన మనవాడు, పట్టణపు ధర తెలియక చేపలు అమ్ముకొనును. ధర తెలిసిన దళారి “ఇవేం చేపలు!” అని పెదవి విరచి కొనును. ఆ దళారిని మనము ఎంతగా తిట్టుదుము! మనము ఎల్లప్పుడును అమ్ముకొను పక్షమున ఉండుటచేత ఆ పాపము మనది కాదనుకొందుము. ఒక్క దినము కొను పక్షమున నిలువగానే దళారి మాట నా నోటికి ఎవరును నేర్పకయే వచ్చెను.

మరునాడు మరల కావలి వెళ్లితిని. ఉన్నది ఉన్నట్టు చెప్పితిని. ఆమె చాకును అటు ఇటు త్రిప్పి చూచెను.

“ఎంత చేస్తుందంటారు?”

“సరిగ్గా నాకూ తెలియదు పెద్దమ్మా. రెండు మూడు వేలు ఇచ్చేవాళ్లు ఉంటారు.”

“మీకాడ ఉండాయా?”

“లేవు.”

“అయితే ఉండనీయండి” అని ఆమె చాకును పెట్టెలో వేసి, నాలుగు పదులు లెక్కపెట్టి నా చేతిలో పెట్టెను. నిన్ననే ఎందుకు చెప్పలేదని అడుగలేదు. అడిగినయెడల నాకు సులువుగా ఉండెడిది.

నిజము చెప్పవలెనంటే, ఆమె మెచ్చుకొని ఆ చాకును నాకే ఇచ్చివేయునేమోయను ఆశ ఒకటి దారిపొడుగున నాలో ఉండెను. నీతిని కూడ చవుకగా కొనగోరు బుద్ధి అది. దేవుడు దానిని ఆ నలభై రూపాయలతో నాకు చూపెను. ఆ డబ్బుతోనే, లారీ కమాను ముక్కనుండి ఊరి కమ్మరి చేసిన చిన్న కత్తి ఒకటి ఆమెయొద్దనే కొంటిని. అది మడవదు. ప్రతి వారము నూరవలెను. మామిడికాయ తెగును.

చదువరీ, ఈ వారము నీవు సంతకు వెళ్లుదువు. ఎవరో ఒకరు నీ ముఖము చూచి, “మీరే చెప్పండి” అందురు. అప్పుడు ఏమి చెప్పుదువు?