మమ అన్నాక

ముప్పై ఏళ్లుగా జనం చేత "మమ" అనిపిస్తున్నవాణ్ణి. మమ అంటే నాది అని. తెలుగులో మాత్రం మమ అనిపించడమంటే తూతూమంత్రంగా కానిచ్చేయడం అయిపోయింది. ఆ పాపంలో మా పురోహితులకీ వాటా ఉందిలెండి.

పోయిన మాఘంలో కొత్త ఇంటికి కరెంటు మీటరు కోసం వెళ్లాను. కౌంటరు అవతలి కుర్రాడు నాలుగు కాగితాలు నా ముందుకు తోసి, "ఇక్కడో సంతకం, ఇక్కడోటి పంతులుగారూ. చదవక్కర్లేదు, అందరూ పెట్టేదే" అన్నాడు. పెట్టేశాను. మెట్లు దిగుతుంటే నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ నేను పీటల మీద కూర్చున్నవాళ్లకి చెబుతున్న మాటే కదా అది!

ఆ లెక్కన సంకల్పమే నయం. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాం, ఏ తిథి, ఎవరి గోత్రం, ఏం కోరి ఈ పని, ఇవన్నీ పైకి చెప్పాకే నీళ్లు ముట్టుకునేది. నా కాగితంలో లోడు 2 కిలోవాట్లని ఉంది. ఆ అంకె వేసింది నేను కాదు, వైరింగు చేసిన ఎలక్ట్రీషియను. మా అబ్బాయేమో వేసవికి ఏసీ పెడతానంటున్నాడు. లోడు దాటితే అదనపు డిపాజిట్ కట్టాల్సింది మటుకు నేనే.

తెలియకుండా ఇచ్చిన మాట మాటేనా? లా చదివిన మా మేనల్లుణ్ణి అడిగితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షను చూపించాడు. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే అది సమ్మతి అట. నాకు బలి చక్రవర్తి గుర్తొచ్చాడు. వచ్చినవాడెవడో శుక్రాచార్యుడు విడమరిచి చెప్పాడు, వద్దన్నాడు. కాదనే వీలుండి కూడా ఇచ్చాడు గనకే అది దానమైంది. నాకు కాదనే వీలేదీ? మా ఊరికి తీగలు లాగేది ఒక్క సంస్థే. వద్దంటే లాంతరే.

కాబట్టి నేను పెట్టింది ప్రతిజ్ఞ కాదు, శరణాగతి. శరణాగతిలో బరువు చేతులు జోడించినవాడిది కాదు, చేరదీసినవాడిది. విభీషణుడు వచ్చి నిలబడ్డాడంతే. ఆపైన కాచుకోవాల్సిన పూచీ రాముడిది. 2003 విద్యుత్ చట్టమూ ఇదే వరసలో నడవడం చూసి ఆశ్చర్యపోయాను. అడిగిన ఇంటికి కరెంటివ్వడం సంస్థ విధి అంటుంది 43వ సెక్షను. బిల్లు కట్టకపోయినా సరే, 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వనిదే సరఫరా ఆపకూడదంటుంది 56. మన డిపాజిట్‌కి వడ్డీ ఇవ్వాలి. తేడా వస్తే ఫిర్యాదుల ఫోరం, అక్కడా తెగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. ఇవేవీ నేను బేరమాడి తెచ్చుకున్నవి కావు. చదవకుండా సంతకం పెట్టినవాడికీ దక్కుతాయి.

మర్నాడు వెళ్లి నకలు అడిగాను. కుర్రాడు వింతగా చూశాడు గానీ ఇచ్చాడు.

మొన్నొక గృహప్రవేశంలో సంకల్పాన్ని ముక్కముక్కగా తెలుగులో చెప్పడం మొదలెట్టాను. ఇంటాయన రెండు నిమిషాలు విని, గడియారం చూసుకుని, "అవన్నీ మీకు తెలుసు కదండీ, నేను మమ అనేయనా?" అన్నాడు.